కనుమ మీద రెండో రాళ్ళకుప్ప

ఖాట్మండు,
1998 మార్చి 29

అక్కా,

నీ మోకాళ్ళూ, నీ పొయ్యీ, నీ జడలబర్రెలూ, మీ అత్తగారి నాలుకా అన్నీ ఎప్పటిలాగే పనిచేస్తున్నాయని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. చివర్లో చెబితే నువ్వు అక్కడిదాకా చదవకుండానే పొయ్యిలో పెడతావు. వానలు వెనకబట్టాక ఎనిమిది మంది జర్మన్ అతిథులతో మన దోల్పో మీదుగా ఇరవై నాలుగు రోజుల నడక ఉంది. పదకొండో రోజున మన కనుమ దాటి మీ ఊరు తార్‌లుంగ్‌లోకి దిగుతాం. మనం తప్పక నడిచే దారిని వీళ్ళు ముచ్చటపడి నడుస్తారు. నడవనీ. ఆ పుణ్యాన నీ చేతి చాయ్ తాగి మూడేళ్ళ బాకీ తీర్చుకుంటాను.

నా జట్టులో వంట చూసేది గ్యాల్జెన్ అని, సోలూ వైపు షెర్పా. నలభై రెండేళ్ళు. భార్య పోయి ఐదేళ్ళయింది, పిల్లలు లేరు. ఆవిడ పోయిన పూట తను ఎక్కడో ఛాంగ్ తాగి పడి ఉన్నాడట. అప్పట్నుంచి నోట చుక్క వెయ్యడు. మేమంతా చలికి తాగుతుంటే తను వేడినీళ్ళ గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంటాడు. పోయినేడు ఐదువేల మీటర్ల ఎత్తున ఒక ముసలి అతిథికి ఊపిరందక పెదాలు నీలంగా మారాయి. గ్యాల్జెన్ తన వీపుబుట్ట ఒక పక్క కోసి, ఆయన్ని అందులో కూర్చోబెట్టి, నుదుటి పట్టీ తగిలించుకుని ఒక్క పూటలో కిందికి దించాడు. ఆయన నిద్రలోకి జారకుండా దారి పొడవునా వెల్లుల్లి చారు ఎలా కాచాలో చెబుతూనే ఉన్నాడట. ఆ బుట్టని మళ్ళీ వెదురుతో కుట్టి ఇప్పటికీ మోస్తున్నాడు.

ఎందుకు ఇంత రాస్తున్నానో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బావ పోయి రెండు చలికాలాలు అయ్యాయి. నువ్వూ మీ అత్తగారూ ఎన్నాళ్ళని ఇద్దరే ఆ పొలం దున్నుతారు? గ్యాల్జెన్‌కి నీ గురించి చెప్పాను. ఒక్కసారి చూడు. చూసినందుకు కళ్ళేం అరిగిపోవు.

నీ తమ్ముడు
సామ్‌దుప్


తార్‌లుంగ్,
మూడో నెల చివర, బార్లీ విత్తనాలు చల్లిన వారం

తమ్ముడూ,

నీ కాళ్ళు చల్లగా ఉండాలి, నీ అతిథుల కాళ్ళు బొబ్బలెక్కకుండా ఉండాలి. నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు, అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడకి చూపు మసకబారింది గానీ చెవులు పాము చెవులు. ఆ బుట్ట సంగతి రెండుసార్లు చదివించుకుంది. విని, "ముసలాళ్ళని మోసేవాడా? అయితే ముందు నన్ను మొయ్యమను, తర్వాత చూద్దాం" అంది. ఆవిడకి వేళాకోళంగా ఉంది.

నాకు లేదు. నీకు మీ బావ పోయి రెండు చలికాలాలు. నాకు ఆయన ఇంకా ఇంటికి రాలేదు. దక్షిణం నుంచి ధాన్యం వేసుకుని వస్తూ మంచులో చిక్కుకుపోయాడు. కనుమ మీద దారికి ఎడంగా, కొండ ఎడమ భుజం దగ్గర ఆయన సంచి దొరికింది, ఆయన దొరకలేదు. కాగితం మీద పేరు రాసి, లామాగారు మంత్రాలు చదివి ఆ కాగితం తగలబెట్టారు. ఆ కాగితమే నా మొగుడనుకుని ఏడవమన్నారు, ఏడ్చాను. కానీ ఆయన పేరున నేలమీద ఒక్క రాయి కూడా లేదురా. ఆయనకి ఒక చోటంటూ ఏర్పడకుండా, పెళ్ళికి సరేనన్నట్టు ఇంకొకరికి గిన్నె అంచున వెన్న అద్ది చాయ్ ఎలా పొయ్యను?

అందుకని నీ వంటవాడికి లేనిపోని ఆశలు పెట్టకు. అయినా ఇక్కడికొచ్చి ఏం వండుతాడు? ఈ ఎత్తున బఠాణీలు పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రానికి కూడా పంటికింద రాళ్ళే. ఆయన వంట గొప్పతనమంతా ఇక్కడ తేలిపోతుంది.

నల్ల బర్రె ఈనింది. దూడకి నుదుట తెల్ల మచ్చ ఉంది, అచ్చం నీకున్న మచ్చలాగే. అత్తగారు దాన్ని నీ పేరు పెట్టి పిలుస్తోంది, వద్దన్నా వినదు.

అక్క
యాంగ్‌జోమ్


ఖాట్మండు,
1998 జూలై 12

అక్కా,

ఇక్కడ వానలు. గుడారాలన్నీ బూజుపట్టి, గది నిండా పరిచి ఆరబెడుతున్నాను. నేను పడుకునే చోటు తప్ప అంతా ఆరుతోంది. నీకూ అత్తగారికీ, నా పేరు పెట్టుకున్న ఆ దూడకీ దండాలు.

నీ ఉత్తరం గ్యాల్జెన్‌కి చదివి వినిపించాను. తిట్టకు. కాగితం సంగతి దగ్గర తల దించుకున్నాడు. బఠాణీల దగ్గరికి వచ్చేసరికి తలెత్తాడు. మర్నాడు ఒక ప్రెషర్ కుక్కర్ చంకన పెట్టుకుని వచ్చాడు. "మీ అక్కగారింట్లో బఠాణీలు ఉడకడం లేదన్నావుగా" అన్నాడు, అంతే. నేను నవ్వాను. అతను నవ్వలేదు. జట్టు సామాన్లలో వేస్తే సొట్టలు పడుతుందని పదకొండు రోజులూ తన బుట్టలోనే మోస్తాడట.

నువ్వు మాట ఇవ్వక్కర్లేదు. వెన్న అద్దక్కర్లేదు. ఉత్త చాయ్ పోస్తే చాలు. వంటవాళ్ళు ఎలాగూ అతిథుల కంటే ముందు నడుస్తారు కదా. కనుమ కింది మజిలీ నుంచి అతన్ని ఒక రోజు ముందే పంపిస్తాను. పేరుకి బంగాళాదుంపలూ పిడకలూ కొనడానికి. మేమంతా వచ్చి ఇల్లు తొక్కేలోపు మీ వంటింట్లో ఒక పూట ప్రశాంతంగా కూర్చుంటాడు. మొహం కడుక్కోవడానికి నీళ్ళివ్వు. మంచివాడక్కా. నేను మనుషుల్ని నడకలో చూసి చెబుతాను, నా అంచనా తప్పదు.

సెప్టెంబర్ చివర బయల్దేరతాం.

సామ్‌దుప్


తార్‌లుంగ్,
ఆరో నెల, పౌర్ణమి మర్నాడు

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాస్తుంటే అరచేతులు మండుతున్నాయి. ఎందుకో చెబుతాను, విని సంతోషించు.

మీ బావకి ఇప్పుడు ఒక చోటు ఏర్పడింది. నేనూ, ఊళ్ళో పదకొండు మంది ఆడవాళ్ళూ కలిసి ఆయన సంచి దొరికిన ఎడమ భుజం మీద రాళ్ళకుప్ప కట్టాం. అక్కడంతా చిన్న గులకే కదా, అందుకని వాగులోంచి పలకరాళ్ళు మోశాం. నాలుగు రోజులు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ. పాటలు పాడుకున్నాం, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నాం. అత్తగారు కింద వాగు దగ్గర కూర్చుని ఒక్కో రాయీ తడిమి, "ఇది వాడికి, ఇది గొడ్లచావిడికి" అని ఏరిపెట్టింది. కొడుక్కి వంకర రాయి పంపనంటుంది. కుప్ప నా తలకంటే ఎత్తు వచ్చింది. దారి దగ్గరున్న పాత కుప్ప కంటే కూడా ఎత్తు. కొంచెం సిగ్గేసింది గానీ ఆపలేదు. పైన ఐదు రంగుల జెండాలు కట్టాం. మబ్బు పట్టినా కనిపిస్తాయి.

దిగి ఇంటికొచ్చి, రెండేళ్ళలో మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

అందుకని ఇప్పుడు చెబుతున్నాను. నీ వంటవాడిని రమ్మను. ఆ కూతపెట్టే గిన్నె కూడా తెమ్మను. కానీ ఒకటి. ముందు మీ బావ కుప్ప మీద ఒక రాయి పెట్టి రమ్మను. దారి నుంచి కాస్త పక్కకి వెళ్ళాలి, నువ్వు చూపించు. ఆయనకి దండం పెట్టి వచ్చిన మనిషికి గిన్నె అంచున వెన్న అద్దే చాయ్ పోస్తాను. ఇది మా అత్తగారి ముందు, నా అంతట నేను రాస్తున్న మాట. ఇక నీ వేళాకోళం నువ్వు చేసుకో.

ఉప్పు వర్తకుడు ఎల్లుండి కిందికి దిగుతున్నాడు, అతని చేతికిస్తాను. నువ్వు బయల్దేరేలోపు అందుతుంది.

యాంగ్‌జోమ్


జోమ్‌సోమ్,
1998 అక్టోబర్ 21

అక్కా,

నడక ముగిసింది. అతిథులు విమానమెక్కి వెళ్ళిపోయారు. నేను ఇక్కడ చాయ్ కొట్టులో కూర్చుని రాస్తున్నాను. నువ్వు ఎలా ఉన్నావని అడగడానికి మొహం లేదు.

గుమ్మంలో నువ్వు నావైపు చూసిన చూపు మర్చిపోలేకపోతున్నాను. గ్యాల్జెన్ రాలేదని నీ మొహంలో చూశాకే నాకు తెలిసింది. ఒక్క రోజు వెతికి, అతిథులను తీసుకుని వెళ్ళిపోయాను. వాళ్ళలో ఇద్దరికి తలనొప్పులు, వాంతులు. వెనక మళ్ళీ మంచు పట్టేలా ఉంది. ఎనిమిది ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి అనుకున్నాను. తొమ్మిదోది కూడా నా చేతిలోదే కదా. పదమూడు రోజులూ అదే లెక్క వేసుకుంటూ నడిచాను.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. అతనికి ఆ కనుమ కొత్త. అందుకే బయల్దేరేముందు మూడుసార్లు చెప్పాను. "పైకెక్కాక ఒకటే రాళ్ళకుప్ప ఉంటుంది, జెండాలుంటాయి. దానికి కుడిచెయ్యి ఆనించి నేరుగా కిందికి దిగు. మబ్బయినా, మంచయినా, కుప్ప దొరికిందంటే ఊరు దొరికినట్టే." అతను తిరిగి నాకు అప్పజెప్పాడు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది, సాయంత్రానికి మంచు. మేము రెండు రోజులు గుడారాల్లోంచి కదల్లేదు. కదిలాక కూడా ఆ గాలికి తలెత్తలేక, ముందు నడిచే జడలబర్రె తోక చూసుకుంటూ కనుమ దాటాను. కుప్ప నుంచి ఊరిదాకా దారి పొడవునా మంచు తవ్వించాను, నువ్వే చూశావుగా. ఆ దారిలో అతను లేడు. నా మాట అక్షరం తప్పని మనిషి, ఎటు పోయాడు?

ఒక రోజు ముందు పంపింది నేను. నీ వంటింట్లో కూర్చోవాలని పంపింది నేను. ఏదైనా తెలిస్తే రాయి. ముస్తాంగ్ వర్తకులు మంచు మూసుకునేలోపు అటు దాటుతామంటున్నారు, వాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

సామ్‌దుప్


తార్‌లుంగ్,
తొమ్మిదో నెల, మందలు దక్షిణానికి దిగే ముందు రోజు

సామ్‌దుప్‌కి,

నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క కూడా లేదు. నీ అతిథులు క్షేమంగా విమానమెక్కి ఉంటారు.

గ్యాల్జెన్ దొరికాడు. నువ్వు వెళ్ళిన తొమ్మిదో రోజు, ఎండకి మంచు కుంగాక మందకాపరులు చూశారు. ఎడమ భుజం కింద, చరియ అడుగున. రాత్రి పడ్డాడో పగలు పడ్డాడో తెలియదు. మొహానికి దెబ్బ లేదు. బుట్ట వీపు మీదే ఉంది. ఒక పక్క వెదురుతో కుట్టి ఉంది, దాన్ని చూసే గుర్తుపట్టాం. లోపల కుక్కర్ సొట్టపోయింది. మూత ఇక పట్టదు.

చెయ్యవలసినవన్నీ మన ఇంటి మనిషికి చేసినట్టే చేశాం. లామాగారు చదివారు. అత్తగారు నలభైతొమ్మిది రోజులూ దీపం ఆరనివ్వనని కూర్చుంది. ఆవిడ కొడుకు శవం దొరకలేదు కదా, ఇద్దరికీ కలిపి ఏడ్చినట్టుంది.

నువ్వు వచ్చిన రోజు పొద్దున్నే గిన్నె అంచున వెన్న అద్ది పెట్టుకున్నాను. నీకు చూపించలేదు. మూడు రోజులు ఆ వెన్న అలాగే ఉంది. తర్వాత అత్తగారు తన కొంగుతో తుడిచేసింది.

ఇప్పుడు నా గుండెలో ఉన్నది చెబుతాను. నా ఉత్తరం అందిందా అని గుమ్మంలోనే అడిగాను, అందిందన్నావు. అంటే మీ బావ కుప్ప మీద రాయి పెట్టి రమ్మన్న నా షరతు ఆయనకి చెప్పే ఉంటావు. నేను పైకెక్కి చూశాను. కుప్ప పైన ఒక కొత్త రాయి ఉంది. దానికి తెల్ల కండువా చుట్టి, ముడి వేసి ఉంది. మన ఊరి ముడి కాదు, షెర్పాల ముడి. మబ్బులో, మంచులో, దారి వదిలి పక్కకి వెళ్ళి, నేనడిగిన రాయి పెట్టి, తిరిగి దారి దొరక్క పడిపోయాడు. ఒక్క రాయి కోసం. నేను అడక్కపోతే నేరుగా దిగి వచ్చేవాడు.

మీ బావ ఆయనంతట ఆయన పోయాడు. ఈయన్ని నేను పంపించాను. ఇది నేనెలా మొయ్యాలో చెప్పు. నీ అతిథుల పని తీరాక తీరిగ్గానే చెప్పు.

యాంగ్‌జోమ్


ఖాట్మండు,
1998 డిసెంబర్ 20

అక్కా,

నీ ఉత్తరాన్ని మందకాపరులు కింది ఊళ్ళో ఇస్తే, చేతులు మారి నిన్న నా దగ్గరికి వచ్చింది. నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ నువ్వు మోస్తున్నది నీది కాదు. అది చెప్పడానికే రాస్తున్నాను.

రాయి పెట్టి రమ్మన్న నీ ఉత్తరం నాకు అందలేదు. ఉప్పు వర్తకుడి గుర్రం కాలు విరిగి, అతను దారిలోనే రెండు నెలలు ఉండిపోయాడట. నేను నడక ముగించుకుని ఖాట్మండు చేరేసరికి ఇక్కడ మనవాళ్ళ చాయ్ కొట్టులో ఆ ఉత్తరం నా కోసం ఎదురుచూస్తోంది. గుమ్మంలో నువ్వడిగింది వసంతంలో రాసిన ఉత్తరం గురించి అనుకుని అందిందన్నాను. కాబట్టి గ్యాల్జెన్‌కి నీ షరతు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నీ మాట కోసం అతను దారి వదల్లేదు.

కనుమ దాటే ఎవరైనా కుప్ప కనబడితే ఒక రాయి పెడతారు కదా, అలా పెట్టి ఉంటాడు. నిజం చెప్పాలంటే ఆ పొద్దున అతను కాస్త ఛాంగ్ తాగాడు. చలి ఎక్కువగా ఉందని మావాళ్ళు బలవంతపెట్టారు. ఆ ఎత్తున తాగితే తల తిరుగుతుంది, కళ్ళు మోసం చేస్తాయి. అంతకు మించి ఇందులో ఏమీ లేదు.

ఇంకో మాట, దీనితో సంబంధం లేనిది. బావ కుప్ప ఉన్న చోట గాలి ఎక్కువ. జెండాలు ఒక్క ఏడాది కూడా నిలవవు. వేసవిలో దాన్ని దారి దగ్గరున్న పాత కుప్ప పక్కకి మారిస్తే బాగుంటుందేమో. వచ్చే పోయేవాళ్ళు కూడా రాయి వేస్తారు. మే చివర నుంచి వేరే జట్లు కూడా ఆ కనుమ దాటుతాయని వింటున్నాను. నీకు కుదిరితేనే. కుదరకపోతే నేనే ఆ వేళకి వస్తాను.

దూడ ఇప్పుడు ఎంత ఎత్తు వచ్చింది?

సామ్‌దుప్


తార్‌లుంగ్,
నాలుగో నెల, ఏడో తిథి

నా తమ్ముడికి,

చలికాలమంతా మంచు మమ్మల్ని లోపల పెట్టి తలుపు వేసింది. ఈమధ్యే దారి తెరుచుకుంది. ముస్తాంగ్ వర్తకులు అప్పుడు మంచుకి జడిసి వెనక్కి తిరిగారట. నువ్వు జోమ్‌సోమ్‌లో రాసినదీ, ఖాట్మండులో రాసినదీ ఒకే రోజు, ఒకే మనిషి సంచిలో వచ్చాయి. పాతది ముందు చదివాను.

కుప్ప దొరికిందంటే ఊరు దొరికినట్టే. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తగారు "ఏంటే, ఏం రాశాడు?" అంటోంది.

తర్వాత రెండోది చదివాను. అందులో ఛాంగ్ తాగాడని రాశావు. ఆయన నోట చుక్క వెయ్యడని మొదటి ఉత్తరంలో రాసింది నువ్వే. భార్య పోయిన పూట తాగి పడి ఉన్నందుకు ఐదేళ్ళు వేడినీళ్ళతో చలి కాచుకున్న మనిషి. ఆయన చచ్చాక ఆయన నోట్లో ఛాంగ్ పోశావు. నా కోసమే పోశావని తెలుసు. నువ్వు దాచినందుకు నాకు కోపం లేదు, నేనైనా నీకు అలాగే దాచేదాన్ని. కానీ ఆ ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకో. సోలూలో ఆయనవాళ్ళు ఎవరున్నా, వాళ్ళ చెవిన అది పడకూడదు.

తమ్ముడూ, ఇన్నాళ్ళూ నీ దగ్గర సగం ఉంది, నా దగ్గర సగం ఉంది. ఒకటే కుప్ప అని నువ్వు చెప్పావు, నిజమే చెప్పావు. నేను రెండోది కట్టాను, ప్రేమతోనే కట్టాను. మా ఊరివాళ్ళకి ఆ కనుమ మీద దారి కాళ్ళకే తెలుసు, కళ్ళు మూసుకున్నా దిగుతారు. పన్నెండు మంది ఆడవాళ్ళం నాలుగు రోజులు రాళ్ళు మోశాం గానీ, ఊరుకాని ఊరి మనిషి ఒకడు మబ్బులో వస్తాడని మాలో ఒక్కరికీ తోచలేదు. మనిషిని మింగిన చోటే, మనిషి తలకంటే ఎత్తుగా, మబ్బులో కూడా కనిపించేలా గుర్తు కట్టాం. ఆయన అది చూసి కనుమ దాటేశాననుకున్నాడు. కనుమ దాటిన అందరిలాగే దేవతలకి జయం అనుకుని రాయి పెట్టాడు. నాకు వెయ్యడానికి బుట్టలో తెచ్చుకున్న తెల్ల కండువాల్లో ఒకటి దానికి చుట్టాడు. కుడిచెయ్యి ఆనించి నేరుగా కిందికి దిగాడు. నువ్వు చెప్పినట్టే చేశాడు, అక్షరం తప్పలేదు.

లామాగారి దగ్గరికి వెళ్ళాను. పోయినవాళ్ళ పేరున పెట్టిన రాయి కదిపితే పాపం అన్నారు. అది నాకూ తెలుసు. కొత్త జట్లు మే చివర నుంచి వస్తాయని నువ్వు రాసినది చెప్పాను. ఆయన చాలాసేపు జపమాల తిప్పి, "నేను కదపమని చెప్పలేను, వద్దనీ చెప్పలేను. అది ఆ తల్లిని అడుగు" అన్నారు.

ఆ తల్లిని అడగడం నావల్ల కాలేదు. రెండు రోజులు అలాగే తిరిగాను. చివరికి ఆవిడే, "నా కొడుకు గురించి ఏదో మింగుతున్నావు, కక్కు" అంది. రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. ఆవిడ కదురు పక్కన పెట్టేసింది. ఒక్కో రాయీ తడిమి ఏరి పంపింది ఆవిడే కదా. పిడకలు కాలి బూడిదయ్యాయి.

తర్వాత అంది: "నా కొడుకు బతికినన్నాళ్ళు ఎవరికీ తప్పుదారి చూపించలేదు. చచ్చాక వాడిచేత ఆ పని చేయించకు. తీసెయ్."

తీసేశాను. ఊళ్ళోవాళ్ళని పిలవలేదు, ఆ పాపం నాదొక్కదానిదే కావాలి. ఆయన బుట్టే వేసుకున్నాను, వెదురుతో కుట్టిన ఆ బుట్ట. పొద్దున్నే ఎక్కడం, ఎడమ భుజం నుంచి పాత కుప్ప దాకా మోయడం, ఎండ వాలేలోపు దిగడం. ఆరు రోజులు పట్టింది. మూడో రోజున వెనక చప్పుడైతే తిరిగి చూశాను. అత్తగారు. పక్కింటావిడ కొంగు పట్టుకుని కనుమ ఎక్కి వచ్చేసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. "నావీ ఉన్నాయి అందులో" అని, ఒళ్ళో ఒక రాయి పెట్టుకుని నడిచింది. ఒక్కటే మోసింది. అది చాలు.

మీ బావ రాళ్ళన్నీ ఇప్పుడు దారి పక్క పాత కుప్పలో కలిసిపోయాయి. ఏది ఎవరిదో నేను కూడా చెప్పలేను. కండువా చుట్టిన రాయిని అన్నిటికంటే పైన పెట్టాను. ముడి విప్పలేదు, ఆయన వేసినట్టే ఉంచాను. ఎడమ భుజం మీద ఒక్క గులకరాయి కూడా మిగల్చలేదు. జెండాకర్ర పాతిన గుంత కూడా పూడ్చేశాను. ఇప్పుడు అక్కడ నిలబడితే ఏమీ లేదు. ఇద్దరు మగాళ్ళు పోయిన చోటని ఎవరికీ తెలియదు. అది నాకు కష్టంగా ఉంది. ఇక రోజూ ఉంటుంది.

కుక్కర్ మూత పట్టదు కదా, మూత లేకుండానే బఠాణీలు పెడుతున్నాను. సాయంత్రానికి కూడా ఉడకవు. అయినా అందులోనే పెడుతున్నాను.

నువ్వు రా. ఆ రోజు ఎనిమిది మందిని దించాలనే వెళ్ళావని ఇప్పుడు తెలుసు. నీకు కూడా ఒక గిన్నె చాయ్ బాకీ ఉంది. నీ పేరుగల దూడకి కొమ్ములు మొలుస్తున్నాయి, మొన్న అత్తగారిని పొడిచింది. ఆవిడ మురిసిపోతోంది.

వచ్చేటప్పుడు కొత్తవాళ్ళుంటే వాళ్ళకి ఎప్పటిలాగే చెప్పు. ఇప్పుడు కనుమ మీద ఒకటే కుప్ప ఉంది. మబ్బయినా, మంచయినా, అది దొరికిందంటే ఊరు దొరికినట్టే.

అక్క
యాంగ్‌జోమ్